బయటి గోడ

దసరా ఎల్లిందంటే మా నారాయణఖేడ్ దిక్కు పొద్దుగూకంగనే సలి మొదలైతది. ఉత్తరం గాలి చేన్ల మీదికెల్లి వచ్చి నేరుగ గోడకే తాకుతది. అందుకే వానలు తగ్గినంక, పెత్రమాసకూ దీపావళికీ నడుమ ఇంటి బయటి గోడల పని తెమలాలె. వానకు కరిగిన మట్టి, లేచిన పెచ్చులు, బల్లి దూరేటంత పర్రెలు అన్నీ పూడ్చాలె. ఆ పని మా అవ్వది, మా అమ్మది, కొన్నేండ్లు నాది.

చెరువు మట్టి గంపలతో మోసుకొచ్చి, అందుల జొన్న పొట్టు, పెండ కలిపి, నీళ్లు పోసి నాలుగొద్దులు మురగబెట్టేది. కాళ్లతో తొక్కితే పిండి ముద్ద లెక్క అయ్యేది. గోడ మీద నీళ్లు చిలకరించి, ముద్దను ఇసిరికొట్టి, అరచేత్తో సాపు చేసేది. ఎండినంక పలుచగ పెండ అలుకు. ఆ పైన సున్నం, అడుగున జాజు పట్టె. పొట్టు ఎందుకు టీచర్ అని మా బడిల పిల్లలు అడుగుతరు. పొట్టు లేని మట్టి ఎండితే బీటలు వారుతది. పొట్టు దాన్ని పట్టి ఉంచుతది. ఏ బడి మెట్టూ ఎక్కని అవ్వ చెప్పిన పాఠం ఇది.

అవ్వ అందరికన్న ముందు పూసే గోడ ఊళ్లె పెద్దింటిది. ఆ ఇంటి పేరు రాయను. మాదిగవాడ ఆడోళ్లు ఆరేడుగురు వారం దినాలు పూస్తే ఒడిసేది. బయటి దిక్కు మాత్రమే మాది. లోపలి గోడలు వేరే కులం ఆడోళ్లు అలికేది. మేం దిగి వచ్చినంక దొరసాని మేం పూసిన గోడ మీద నీళ్లు చల్లేది. మట్టి అంటలేదు గని చెయ్యి అంటిందన్న మాట! ఆ ఇల్లు అయినంక పట్వారి ఇల్లు, ఆ తర్వాత ఇంకో ఇల్లు. మా గోడ దాకా వచ్చేసరికి దీపావళి దాటిపోయేది. కొన్నేండ్లు మా గోడకు పూతే లేదు. పర్రెలల్ల గుడ్డపేలికలు కుక్కి పండుకునేటోళ్లం.

నిజాం రాజ్యంల మా తాలూకా బీదర్ జిల్లా కింద ఉండేది. 1948 సెప్టెంబర్ల పోలీసు చర్య అయ్యింది. 1949ల జాగీర్లు రద్దయినయి. 1956 నవంబర్ 1న నారాయణఖేడ్‌ను బీదర్ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌ల కలిపినరు, మెదక్ జిల్లా అయినం. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. 2016 దసరానాడు సంగారెడ్డి జిల్లా అయినం. ఇవన్నీ నేను బడిల చెప్పే తారీకులు. అవ్వకు ఇందుల ఒక్కటీ తెల్వదు. ‘ఎన్క గోడ కూలిన యేడు’, ‘రెండుసార్లు పూసిన యేడు’ అని లెక్కపెట్టేది. చట్టం వచ్చినంక వెట్టి అనే మాట పోయింది, కళ్లంకాడ మానెడు గింజలిచ్చే వాడుక మిగిలింది. గోడల వరస మారలేదు.

మార్చింది మా అమ్మ. నాకప్పుడు పదకొండేండ్లు. ఆ యేడు మురిగిన మట్టి తీసి మొదలు మా గోడకే కొట్టింది. దొరసాని మనిషిని పంపింది. అమ్మ చేతులు కడుక్కోకుంటనే, ‘‘మా ఇల్లు అయినంక వస్తమని చెప్పయ్యా’’ అన్నది. అంతే. లొల్లి లేదు, మీటింగు లేదు. అవ్వ మాత్రం వణికింది.

కళ్లంకాడ గింజలు బందయినయి. బాపు జీతం పోయింది. దీపావళి దాటినంక అమ్మా బాపూ చెరుకు కొట్టనీకె కర్ణాటక దిక్కు పోయిన్రు, ఆ సలికాలమంతా చెరుకాకు గుడిసెల పండుకున్నరు. గట్టిగ పూసిన గోడెనుక అవ్వా నేనూ మిగిలినం. ఆ గోడకు ఒరిగి కూసొని దీపం ముందల చదివిన. గాలి రాలేదు. అది తలుసుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

ఇప్పుడు మాది సర్కారు పైసలతో కట్టుకున్న సిమెంటు ఇటుకల ఇల్లు. పైసలు స్లాబుకే ఒడిసినయి. నా జీతంతో లోపల పూత, రంగు అయినయి. తమ్ముని చదువు, అవ్వ దవాఖాన నడుమ బయటి పూత ఎన్కబడింది. మా వాడల సగం ఇండ్లు ఇట్లనే ఇటుక తేలి ఉంటయి. సలికి అడ్డంగ కొందరు ఓట్లప్పటి ఫ్లెక్సీలు కడతరు.

పోయిన వానకాలం పెద్దింటి ఎన్క గోడ కూలింది. వాళ్లు పట్నం పోయి చానా యేండ్లాయె. బడి నుంచి వస్తూ నిలబడ్డ. ఆ ఇంటి లోపల చూసుడు అదే మొదటిసారి. ఒక గూడు, ఉట్టి కొక్కెం, పొగచూరిన మూల. మా ఇంట్ల ఉన్నయే.

మరునాడు తెల్లారి అమ్మ గంప తీసింది.

‘‘ఏడికే?’’ అన్న.

‘‘పాత గోడ మన్ను మస్తుంటది బిడ్డా. పొట్టు మంచిగ చివికి ఉంటది. మన ఇటుకలకు పట్టుకుంటదేమో చూస్త.’’

ఇంకో గంప నేను తీసుకున్న.