ఆయతు: గుర్తు నుంచి లెక్క దాకా

అరబీలో 'ఆయత్' అంటే గుర్తు, నిదర్శనం. రాత్రీపగలూ, వానా అన్నీ ఆయతులే అంటుంది ఖురాన్. అందులోని వాక్యానికీ అదే పేరు. పత్రికల్లో కనిపించే 'ఆయతుల్లా'లో ఉన్నదీ ఈ మాటే: దేవుని గుర్తు.

వాక్యం ఎక్కడ ఆగుతుందన్న దానిపై తొలి పండితుల్లోనే వేర్వేరు సంప్రదాయాలున్నాయి. మన దగ్గర దొరికే ప్రతులు చాలావరకు ఇరాక్‌లోని కూఫా నగరపు లెక్కను పాటిస్తాయి: 6,236. 1924 నాటి కైరో ముద్రణదీ అదే. మొరాకో వైపు వాడే ప్రతుల్లో మదీనా లెక్క, 6,214. పాఠం తగ్గిందని కాదు, విరామాలు మారాయంతే.

మొదటి అధ్యాయం ఫాతిహానే చూడండి. కూఫా లెక్కలో 'బిస్మిల్లా' మొదటి ఆయతు. మదీనా లెక్క దాన్ని వదిలేసి, చివరి ఆయతును రెండుగా విడదీస్తుంది. రెండు దారుల్లోనూ మొత్తం ఏడే! ఇంత శ్రద్ధగా విరామాలను కాపాడుకున్న తీరు నాకు అబ్బురం.

మన ప్రాంతంలో తరచూ వినిపించే 6,666 మాత్రం ఈ లెక్కల్లో దేనికీ సరిపోదు. గుర్తుంచుకోవడానికి తేలిక కాబట్టే అది అంతగా పాకి ఉంటుంది.