అసీలు పుంజుకు ఆ పసుపు కాళ్ళు ఎక్కడివి?

పందెపు కోళ్ళకు తెలుగువారు పెట్టుకున్న పేర్లను గమనిస్తే ఒక చిత్రమైన సంగతి కనబడుతుంది. వాటిలో చాలా పేర్లు కోడివి కావు, ఇతర పక్షులవి. ఈకలు ఎర్రగా ఉంటే డేగ. నల్లగా ఉంటే కాకి. రెక్కల మీదనో వీపు మీదనో పసుపు ఛాయ ఉంటే నెమలి. నలుపూ ఎరుపూ పసుపూ కలిస్తే కౌజు. రెండింటి పోలికా ఉన్న పుంజును కాకిడేగ అనీ, కాకినెమలి అనీ జంటపేరుతో పిలుస్తారు. కొత్తవాడు వింటే కాకికీ నెమలికీ పుట్టిన సంకరమేమో అని భ్రమపడవలసిందే.

మాది పాత నల్లగొండ జిల్లా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మూడు ఊళ్ళ మధ్య తిరిగినవాణ్ణి. సంక్రాంతికి ముందు హైదరాబాదు నుండి బెజవాడ పోయే రహదారి మీద, సూర్యాపేట, కోదాడల మీదుగా, గోదావరి జిల్లాలకు సాగే కార్ల వరుస మాకు ఏటా చూసే దృశ్యమే. ఆ కార్లలో పందెం చూడబోయేవారూ ఉంటారు. పందెం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. దాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. నేను రాయదలచింది ఆ పుంజు ఒంట్లో దాగి ఉన్న చరిత్రను గురించి. డేగ, కాకి, నెమలి అన్నవి పేర్లు మాత్రమే. కానీ ఆ పుంజులో నిజంగానే మరొక జీవజాతి అంశ ఉంది. దాని జాడ ఈకల్లో కాదు, కాళ్ళలో ఉంది.

ముందుగా మాటను గురించి రెండు మాటలు. తెలుగులో "జాతి" అనే పదం రెండు పనులు చేస్తుంది. అసీలు ఒక జాతి అంటాం, కోడి ఒక జాతి అంటాం. మొదటిది మనుషులు ఏరి పెంచిన రకం, రెండవది ప్రకృతి వేరుచేసిన జీవజాతి. రకాలను ఎన్నిటినైనా కలపవచ్చు. జీవజాతుల సంగతి అలా కాదు. మన పట్టణాల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మే రంగురంగుల పిట్టలు చాలావరకు ఆస్ట్రేలియా నుండి వచ్చిన బడ్జెరిగార్లు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి. ఈ రెండింటినీ ఒకే పంజరంలో ఏళ్ళ తరబడి ఉంచినా పిల్లలు పుట్టవు. నీలి బడ్జెరిగారుకు పచ్చది జత అయితే మాత్రం పుడతాయి, ఎందుకంటే అవి రెండూ ఒకటే జీవజాతి. ఐరోపాలో పాట కోసం కనారీ పిట్టను గోల్డ్‌ఫించ్‌తో జతకలిపే అలవాటు చాలాకాలంగా ఉంది. ఆ పిల్లలను అక్కడివారు కంచరగాడిద పేరుతోనే పిలుస్తారు. పాడతాయి గాని, వాటికి సాధారణంగా సంతానం ఉండదు.

ఇక కోడి దగ్గరకు వద్దాం. పుంజును వేరే పక్షి పేరుతో పిలవడం ఈనాటిది కాదు. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో, ప్రమతి కథలో, ఒక కోడిపందెం వస్తుంది. అందులో ఒక పుంజు నారికేళ జాతిది, దానికి ఎదురు నిలిచినది బలాక జాతిది. బలాక అంటే కొంగ. ఈ కావ్యాన్నే 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసి అభినవదండి అనిపించుకున్నాడు. ఓరుగల్లు వీధుల్లోని కోడిపందేన్ని క్రీడాభిరామం వర్ణించింది. మిర్యాలగూడకు దక్షిణాన కృష్ణ దాటితే పల్నాడు. 12వ శతాబ్ది చివరి పల్నాటి యుద్ధానికి కోడిపందెమే నాంది అని వీరగాథ చెబుతుంది. పందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచిపోయింది. ఇంచుమించు అదే కాలంలో కృష్ణకు ఇవతల, సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో, రేచర్ల రెడ్లు ఆలయాలు కట్టిస్తున్నారు. రాజ్యాలు పోయాయి, పందెం మిగిలింది.

ఈ మూడు ఊళ్ళూ కృష్ణా గోదావరుల నడుమ ఉన్నాయి. మన కథకు ఈ భూగోళం ముఖ్యం. మిర్యాలగూడకు పడమటగా దేవరకొండ దాటి వెళితే అమ్రాబాదు, నల్లమల అడవులు వస్తాయి. అక్కడ ఉండేది బూడిదరంగు అడవికోడి. కోదాడకు ఈశాన్యంగా ఖమ్మం, భద్రాచలం దాటి గోదావరి ఆవలి అడవుల్లోకి వెళితే ఎర్ర అడవికోడి కనబడుతుంది. ద్వీపకల్పానికి తూర్పు వైపున ఈ రెండు జీవజాతులకూ స్థూలంగా గోదావరే పొలిమేర అని పక్షిశాస్త్రజ్ఞులు చెబుతారు. బూడిదరంగు కోడి భారతదేశం దాటి మరెక్కడా సహజంగా లేదు. దాని మెడ ఈకల చివర లక్కబొట్టు పెట్టినట్లుండే మెరుపు మచ్చలుంటాయి. ఆ మచ్చల కోసం ఇంగ్లండులో గాలపు వేటగాళ్ళు ఈ ఈకలను విరివిగా కొనేవారు. ఫ్రెంచి యాత్రికుడు సొనెరా పేరు మీద 1813లో టెమ్మింక్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. దీని కూత మన కోడి కూతలా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఎర్ర అడవికోడి కాళ్ళు పలకరంగులో ఉంటాయి. బూడిదరంగు కోడి కాళ్ళలో ఎరుపు, పసుపు ఛాయలుంటాయి.

మరి మన పెంపుడు కోడికి మూలపురుషుడెవరు? ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నవాడు చార్లెస్ డార్విన్. 1850 దశకంలో అతడు లోకమంతటి నుండి పెంపుడు పక్షుల చర్మాలు తెప్పించుకున్నాడు. మన దేశం నుండి పంపినవారిలో వాల్టర్ ఎలియట్ ఒకడు. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించినవాడూ, ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసినవాడూ ఆ ఎలియటే. 1868లో అచ్చయిన గ్రంథంలో డార్విన్ తన తీర్పు చెప్పాడు: పెంపుడు కోళ్ళన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటే. బూడిదరంగు కోడిని అతడు పక్కన పెట్టాడు. ఈకలు వేరు, కూత వేరు, అన్నిటికీ మించి సంకరం నిలవదు అన్నది అతడి వాదం. లండను జంతుప్రదర్శనశాలలో జరిగిన ప్రయత్నాలను సాక్ష్యంగా చూపాడు. అడవికోళ్ళ వివిధ జీవజాతులను కలిపి పొందిన సుమారు 500 గుడ్ల నుండి దక్కినవి 12 పిల్లలు. వాటిలో సంకరాన్ని సంకరంతోనే జతకలపగా వచ్చినవి మూడే మూడు.

ఈ సంకరాల గొడ్డుతనానికి ఒక క్రమం ఉందని 1922లో చెప్పినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. రెండు జీవజాతుల సంకరంలో ఒక లింగం లోపించినా, గొడ్డుపోయినా, అది జత కుదరని లైంగిక క్రోమోజోములు గల లింగమే అవుతుందన్నాడు. మనుషుల్లో అటువంటిది మగది, ఎక్స్, వై. పక్షుల్లో ఇది తారుమారు. జెడ్, డబ్ల్యూ గలది ఆడపక్షి. అందుచేత పక్షుల సంకరంలో పెట్ట గొడ్డుపోయినా పుంజు పనికివచ్చే అవకాశం మిగిలి ఉంటుంది. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదలి మన దేశానికి వచ్చాడు. పిఠాపురంవాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన వద్ద శిష్యరికం చేసి తరువాత ఆయన జీవితచరిత్ర రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో హాల్డేన్ మరణించాక, ఆయన కోరిక మేరకే, దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. పక్షుల సంకరానికి సూత్రం చెప్పినవాడి దేహం చివరకు మన పందెపు కోళ్ళ సీమకే చేరింది.

డార్విన్ తీర్పు ఇంచుమించు 140 ఏళ్ళు నిలిచింది. 2008లో స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయంలోని లీఫ్ ఆండర్సన్ బృందం కోళ్ళ పసుపు చర్మానికి కారణమైన జన్యువును పరిశీలించింది. కోడి తినే మొక్కజొన్నలోనూ ఆకుల్లోనూ పసుపు వర్ణకాలుంటాయి. సాధారణంగా చర్మంలోని ఒక ఎంజైము వాటిని ముక్కలు చేసి రంగు లేకుండా చేస్తుంది. ఆ ఎంజైము చర్మంలో మాత్రం పని మానుకుంటే వర్ణకం అక్కడే నిలిచి, కాళ్ళూ చర్మమూ పసుపు తేలతాయి. తల్లి నుండీ తండ్రి నుండీ రెండు ప్రతులూ వస్తేనే ఈ రంగు బయటపడుతుంది. ఆ ప్రతి ఎక్కడిదని వెతికితే, అది ఎర్ర అడవికోడి ప్రతితో సరిపోలలేదు. బూడిదరంగు అడవికోడితో సరిపోలింది.

అంటే మన దేశంలో ఎప్పుడో, ఎర్రకోడి సంతతి అయిన పెంపుడు కోడి బూడిదరంగు కోడితో కలిసింది. పుట్టిన పిల్లల్లో ఏ ఒక్కటి గొడ్డుపోకుండా మిగిలినా చాలు. అది తిరిగి పెరటి కోళ్ళతో జతకూడి ఉంటుంది. తరం తరానికీ అడవి అంశ సగమవుతూ వచ్చినా, మనుషుల కంటికి నచ్చిన పసుపు కాలు మాత్రం నిలిచింది. లండనులో 500 గుడ్లకు దక్కనిది, వేల పెరళ్ళలో, వేల ఏళ్ళలో దక్కడం ఆశ్చర్యం కాదు. 2020లో వెలువడిన జన్యుపరిశోధనలు రెండు మాటలు చెప్పాయి. కోడికి ప్రధానమైన పుట్టినిల్లు నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మారు ప్రాంతం. అయినా దాని జన్యురాశిలో బూడిదరంగు కోడితో సహా ఇతర అడవికోళ్ళ ముక్కలు ఉన్నాయి. డార్విన్ మూలం విషయంలో సరిగానే చెప్పాడు. మూలం ఒక్కటే అన్న చోటనే లెక్క తప్పింది.

ఐరోపాలో దొరికిన పాత కోళ్ళ ఎముకలను 2014లో పరీక్షించినప్పుడు, అక్కడ ఈ పసుపు రంగు గత అయిదు శతాబ్దాల్లోనే వ్యాపించిందని తేలింది. ఇవాళ ప్రపంచంలోని కోళ్ళ సంఖ్య రెండు వేల కోట్లకు పైమాటే. మన సంతలో వేలాడదీసే బ్రాయిలరు కాలైనా, గుడ్లకోసం పెంచే లెగ్‌హార్ను కాలైనా పసుపుగా ఉందంటే ఆ రంగు వెనుక మన ద్వీపకల్పపు అడవి ఉంది.

అసీలు పుంజుల్లోనూ చాలావాటి కాళ్ళు పసుపువే. అసీలు అనేది అరబ్బీ మాట. శుద్ధమైన, మేలిమి వంశానిది అని దాని అర్థం. పుంజు వంశశుద్ధిని గురించి ప్రమాణాలు చేసే యజమాని చేతిలో పట్టుకునే ఆ కాళ్ళే సంకరానికి సాక్ష్యం. ఇందులో చిన్నబుచ్చుకోవలసినది ఏమీ లేదు. అసలు శుద్ధి ఉండి, అది ఇప్పుడు చెడిపోతున్నది వేరొకచోట.

2023లో వెలువడిన ఒక పరిశోధన, శతాబ్దం కిందటి ప్రదర్శనశాలల నమూనాలను ఈనాటి ఎర్ర అడవికోళ్ళతో పోల్చింది. ఈనాటి అడవికోళ్ళ జన్యురాశిలో 20 నుండి 50 శాతం వరకు పెంపుడు కోళ్ళ నుండి వచ్చి చేరినట్లు తేల్చింది. ఒకప్పుడు అడవి పెరట్లోకి ఒక చుక్క వేసింది. ఇప్పుడు పెరడు కుండలకొద్దీ అడవిలో పోస్తున్నది. చూడడానికి అడవికోడిలాగే ఉంటుంది, కూస్తుంది, లోపల మాత్రం సగం మన ఇంటి కోడి. పులి తగ్గిపోతే లెక్కల్లో తెలుస్తుంది. ఇలా కరిగిపోయే జీవజాతిని లెక్కపెట్టినా తెలియదు. రేపు కోళ్ళకు కొత్త రోగం వస్తే, దానికి విరుగుడైన గుణం ఏ అడవికోడి నెత్తురులోనో ఉండవచ్చు. ఆ నెత్తురు పలచబడిన తరువాత వెతికి లాభం లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవికోడిని పట్టడాన్నీ వేటాడటాన్నీ నిషేధించింది. కానీ అడవిలోకి వెళ్ళి మేసివచ్చే ఊరికోడిని ఏ చట్టమూ ఆపలేదు. అమ్రాబాదు అంచున గాని, గోదావరి గట్టున గాని ఊరున్న మిత్రులెవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. కోళ్ళను సాయంత్రం వేళకు గూట్లోకి చేర్చండి. అడవిలో దొరికిన గుడ్లను తెచ్చి ఇంటి పెట్ట కింద పొదిగించకండి. పందెపు పుంజుకు పౌరుషం వస్తుందని అడవిపుంజుతో దాటించే ఆలోచన అసలే వద్దు. పుంజుకు కావలసిన పసుపు ఎప్పుడో వచ్చేసింది.