నెట్‌వర్క్ లభ్యత: దోష గుర్తింపు, పునరుద్ధరణల చరిత్ర

తుంగతుర్తి ప్రాంత రైతులకు చివరి ఆయకట్టు కష్టం తెలిసిందే. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువకు పైన ఎక్కడ గండి పడినా కింది పొలాలకు నీరందదు. ఒకే దారిన వచ్చే కంప్యూటర్ నెట్‌వర్క్ స్థితీ అంతే. పరీక్ష ఫీజు కట్టడానికి చివరి రోజున మీరు తుంగతుర్తిలోని ఒక ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లారనుకోండి. సూర్యాపేట దారిలో రోడ్డు పనులు జరుగుతుండగా ఫైబర్ తెగితే, ఊళ్లో కంప్యూటర్లన్నీ బాగున్నా మీ పని ఆగిపోతుంది. ఈ సమస్యకు పరిష్కారం ఎలా రూపొందిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

లభ్యత అంటే ఏమిటి?

మొత్తం కాలంలో నెట్‌వర్క్ ఎంత శాతం కాలం పనిచేసిందో అదే దాని లభ్యత. 99 శాతం ఎక్కువే అనిపించవచ్చు. కాని లెక్క వేసి చూడండి: ఏడాదిలో మూడున్నర రోజులకు పైగా సేవ ఉండదు. 99.999 శాతమైతే ఆ అంతరాయం సుమారు 5 నిమిషాలే. తీగ ఎన్నటికీ తెగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి తెగిన సంగతిని త్వరగా గుర్తించడం, వెంటనే మరో దారికి మళ్లడం ముఖ్యమయ్యాయి.

చారిత్రక పరిణామం

శత్రుదాడిలో కొన్ని కేంద్రాలు ధ్వంసమైనా మిగిలినవి సమాచారం పంపుకోవాలంటే వాటి మధ్య అనేక దారులుండాలని 1964లో అమెరికాలోని ర్యాండ్ సంస్థకు చెందిన పాల్ బరాన్ వివరించారు. 1969లో మొదలైన ఆర్పానెట్‌లోనూ ప్రత్యామ్నాయ దారులుండేవి. అయితే దారులుంటే చాలదని 1980 అక్టోబర్ 27న తేలింది. ఆ రోజు ఒక నోడ్ మెమరీలోని లోపం వల్ల దారుల స్థితిని తెలిపే సందేశాలు పాడయ్యాయి. అవి నెట్‌వర్క్ అంతటా ఆగకుండా తిరగడంతో ఆర్పానెట్ కొన్ని గంటలు స్తంభించింది. తీగపై జరిగే తప్పులను పట్టే ఏర్పాటు ఉన్నా, మెమరీలో జరిగే తప్పును పట్టే ఏర్పాటు లేకపోవడమే ఇందుకు కారణం.

1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. ఇందులో అదనపు తీగ నిలుపుదలలో ఉండి, అసలు తీగ తెగినప్పుడు పనిలోకి వస్తుంది. ఈ మార్పుకు 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ దీనిని కొద్ది సెకన్లకు తగ్గించింది. టెలిఫోన్ రంగంలోని వలయాకార ఫైబర్ వ్యవస్థలు దోషం గుర్తించాక 50 మిల్లీసెకన్లలోపు దారి మళ్లించే ప్రమాణాన్ని పాటించాయి.

మన గ్రామాల సంగతి

గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. దీనికే తరువాత భారత్‌నెట్ అని పేరు వచ్చింది. తొలి దశలో పంచాయతీలకు ప్రధానంగా వరుస పద్ధతిలోనే ఫైబర్ వేశారు. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన సవరించిన కార్యక్రమం వలయ పద్ధతిని స్వీకరించింది. వలయంలో ఒకవైపు తీగ తెగితే సమాచారం రెండో వైపు నుంచి వస్తుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. వలయంలోని రెండు వైపుల తీగలనూ ఒకే కందకంలో వేస్తే జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ తెగుతాయి. అంతేకాదు, ఒకచోట తెగిన వలయం మళ్లీ వరుసే అవుతుంది. సేవ నడుస్తోంది కదా అని మరమ్మతు వాయిదా వేస్తే, రెండో తెగుదలతో కొన్ని గ్రామాలకు సంబంధం పోతుంది. దారి మళ్లించడం మరమ్మతుకు వ్యవధి ఇస్తుందే తప్ప మరమ్మతు అవసరాన్ని తొలగించదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ మండలంలో వలయాకార నెట్‌వర్క్ ఉన్నా ఒక గ్రామానికి సేవ ఆగిపోయింది. ఇందుకు గల రెండు కారణాలను వివరించండి.