మెహనత్ ఒకరిది, పేరు ఒకరిది

మా ఖాలా బీడీలు చుట్టేది. కార్డు మాత్రం మా నానీ పేరు మీద ఉండేది. చూపు తగ్గి నానీ చాట పక్కన పెట్టేశాక కూడా కార్ఖానా రిజిస్టర్‌లో ఆమే మజ్దూర్. పీఎఫ్ లెక్క తేలే రోజున ఖాలా చేతిలో ఒక్క కాగజ్ లేదు. ఇరవై ఏళ్ల మెహనత్‌కి గవాహీ ఆమె వేళ్ల మీది కాయలే.

అమెరికా లైట్‌హౌస్‌ల తారీఖ్ చదువుతుంటే, ఐడా లూయిస్ దగ్గరికొచ్చేసరికి నాకు ఖాలా యాదికొచ్చింది.

న్యూపోర్ట్ రేవులో లైమ్ రాక్ అనే చిన్న బండ మీద లైట్‌హౌస్ ఉండేది. కీపర్ ఐడా అబ్బా. 1857లో కుటుంబం అక్కడికి మారిన కొన్ని నెలలకే ఆయనకు లక్వా కొట్టింది. ఐడాకు అప్పుడు పదిహేనేళ్లు. మగ్రిబ్ వేళకు చిరాగ్ వెలిగించాలి, రాత్రి లేచి నూనె పోయాలి, వత్తి కత్తిరించాలి, ఫజర్‌కి ఆర్పి అద్దాల మసి తుడవాలి. ఒక్క రాత్రి నాగా పెట్టినా ఎవరి జాన్ పోతుందో తెలియదు. పైగా తోబుట్టువులను పడవలో స్కూలుకు దింపి రావాలి.

తన్ఖా మాత్రం అబ్బా పేరు మీదే వచ్చేది. 1872లో ఆయన ఇంతెకాల్ అయ్యాక నౌకరీ అమ్మీ పేరుకు మారింది. 1869లో తుఫానులో మునిగిపోతున్న ఇద్దరు సిపాయిలను కాపాడినప్పుడు దేశమంతా ఐడాను తారీఫ్ చేసింది. పత్రికలు ఆమె బొమ్మ వేశాయి. కానీ రిజిస్టర్‌లో ఆమె పేరు ఎక్కింది 1879లో! ఏడాదికి 750 డాలర్లు. మిగతా కీపర్ల కంటే ఎక్కువే. ప్రాణాలు కాపాడినందుకు ఆ ఎక్కువ ఇస్తున్నామన్నారు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఇనామ్ ఇచ్చేవాడి మర్జీ. మజ్దూరీ చేసినవాళ్ల హక్. ఇనామ్ దొరికింది సరే, వెనకటి 22 ఏళ్లు కాగితాల్లో వేరేవాళ్ల పేరు మీదే ఉండిపోయాయి.

1911లో ఆ నౌకరీలో ఉండగానే ఆమె ఇంతెకాల్. లైట్‌హౌస్ నౌకర్లకు సర్కారు పెన్షన్ చట్టం వచ్చింది 1918లో.

మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1966 బీడీ కార్మికుల చట్టం ప్రకారం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లు కూడా మజ్దూర్లే. అయినా లెక్కకు వచ్చేది కార్డు మీది పేరే. మీ ఇంట్లో చాట ముందు ఎవరు కూర్చుంటున్నారో, కార్డు మీద ఎవరి పేరుందో ఈ రోజే ఒకసారి చూడండి.