గీత మారినప్పుడల్లా ఆగిన ఓటు

2020 సెప్టెంబర్ 10న బృహత్ బెంగళూరు మహానగర పాలికె పాలకవర్గం గడువు తీరింది. పాలికె లెక్కల్లో హూడి 54వ వార్డు. ఆ రోజుతో ఆ వార్డుకు కార్పొరేటర్ లేకుండా పోయారు, 2025 సంవత్సరం ముగిసేనాటికీ ఆ స్థానం ఖాళీగానే ఉంది. ఈలోగా అదే హూడి ఓటరు 2023లో శాసనసభకు, 2024లో లోక్‌సభకు ఠంచనుగా ఓటేసి వచ్చాడు. ఎమ్మెల్యే ఎన్నిక ఒక్కసారీ తప్పలేదు, కార్పొరేటర్ ఎన్నిక మాత్రం అడుగడుగునా తప్పుతూ వచ్చింది. ఒకే రాజ్యాంగం కింద జరిగే రెండు ఎన్నికల మధ్య ఇంత తేడా ఎలా వచ్చిందో హూడి గతాన్ని తిరగేస్తే తెలుస్తుంది.

ఇవాళ హూడి అంటే మెట్రో స్టేషన్, ఐటీపీఎల్ రోడ్డు, వరసగా పీజీలు, వాటి మధ్య ఆంధ్రా మెస్‌లు. నెల్లూరు, కడప, వరంగల్ పిల్లలు మొదటి జీతం అందుకునే చోటు. దస్తావేజుల్లో మాత్రం ఊరి చిరునామా మారలేదు: హూడి గ్రామం, కృష్ణరాజపురం హోబళి, బెంగళూరు తూర్పు తాలూకా. తెలుగు జిల్లాల్లో ఫిర్కా ఎలాంటిదో ఇక్కడ హోబళి అలాంటిది. అపార్టుమెంటు పదిహేనో అంతస్తులో ఫ్లాటు కొన్నవాడు కూడా రిజిస్ట్రేషన్ కాగితం మీద గ్రామస్తుడే.

మైసూరు రాజ్యంలో హూడి లాంటి ఊళ్లను నడిపింది పటేలు, శానుభోగు. మన వైపు మునసబు, కరణాలకు వాళ్లు సోదరులు. ఒకరిది శిస్తు వసూలు, శాంతిభద్రతలు. రెండోవారిది లెక్కల పుస్తకం. రెండూ తండ్రి నుంచి కొడుక్కి దిగే కొలువులే. 1881లో దివాన్ రంగాచార్లు మైసూరు ప్రజా ప్రతినిధి సభను ప్రారంభించారు. దసరా పండక్కి రాజధానికి వచ్చిన 144 మంది భూస్వాములను, వర్తకులను కూర్చోబెట్టి ప్రభుత్వం చేసిన పనులను వినిపించడం మొదట్లో దాని పని. సంస్థానాల్లో అలాంటి సభ రావడమే గొప్ప. అయితే ఆ గొప్పదనం ఊరి చావడి దాకా దిగి రాలేదు, అక్కడ పటేలు మాటే చట్టంగా ఉండేది.

ఆ వంశపారంపర్యాన్ని కదిపిన తీర్పు ఒక తెలుగు పల్లె నుంచి వచ్చింది. అప్పటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని పెరవలిపాలెం గ్రామ మునసబు పదవి మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత మునసబు కుటుంబంలోంచే కొత్తవాణ్ణి ఎంచుకోవాలని 1895 నాటి మద్రాసు చట్టం చెబుతోంది. ప్రభుత్వ ఉద్యోగంలో వంశాన్ని బట్టి వివక్ష చూపకూడదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబర్‌లో న్యాయస్థానం రెండోదాని వైపు నిలిచింది: మునసబు గిరీ కూడా రాజ్యం కింద ఉన్న పదవే, దాన్ని ఆస్తిలా పంచుకోవడం కుదరదు. మరుసటి ఏడాదే అప్పటి మైసూరు రాష్ట్రం గ్రామ పదవుల రద్దు చట్టం చేసింది, 1963 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. పటేళ్లు, శానుభోగులు పోయి జీతానికి పనిచేసే గ్రామ లెక్కాధికారులు వచ్చారు. మనకు ఆ ముచ్చట తీరడానికి 1984 దాకా, అంటే ఎన్టీఆర్ దాకా ఆగాల్సి వచ్చింది.

పదవి వారసత్వం నుంచి విడిపోయింది సరే, ఊరికి సొంత ప్రభుత్వం మాటేమిటి? 1948లో రాజ్యాంగం ముసాయిదా బయటికొచ్చినప్పుడు అందులో పంచాయతీ ఊసే లేదు. పల్లెల్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయాలుగా చూసిన అంబేద్కర్ అందుకు విచారించలేదు. సభలో పంచాయతీల పక్షాన గొంతు విప్పినవారిలో ఇద్దరు తెలుగువాళ్లున్నారు: టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా. చివరికి 1948 నవంబర్ 22న కె. సంతానం ప్రతిపాదించిన సవరణ నెగ్గి అదే 40వ అధికరణం అయింది. కానీ అది ఆదేశిక సూత్రాల్లో చేరింది. అంటే రాజ్యం చెయ్యదగ్గ మంచి పని అన్నమాటే తప్ప చెయ్యకపోతే కోర్టుకెక్కే వీలు లేదు. స్థానిక ప్రభుత్వం అనే అంశం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా ఐదో పద్దులోకి వెళ్లింది. రాష్ట్రం తలచుకుంటే పంచాయతీ ఉంటుంది, తలచుకోకపోతే లేదు.

కర్ణాటక తలచుకున్న రోజులూ ఉన్నాయి. రామకృష్ణ హెగ్డే ప్రభుత్వంలో గ్రామీణాభివృద్ధి మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. ఊరూరా బోర్లు వేయించి ‘నీర్ సాబ్’గా పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన చొరవతో వచ్చిన 1983 చట్టం ప్రకారం 1987లో జిల్లా పరిషత్తులకు, మండల పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. జిల్లా పరిషత్ అధ్యక్షుడికి సహాయమంత్రి హోదా ఇచ్చి, కలెక్టర్ కన్నా సీనియర్ అధికారిని ఆయన కింద కార్యదర్శిగా వేశారు. దాదాపు అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లోనూ మండల వ్యవస్థ వచ్చింది. పేరు ఒకటే అయినా తీరు వేరు. ఎన్టీఆర్ మండలం తహసీలు ఆఫీసును జనానికి దగ్గర చేసింది, నజీర్ సాబ్ మండలం నిధులను, ఉద్యోగులను ఎన్నికైనవాళ్ల చేతికిచ్చింది. ఈ రచయిత లెక్కలో రెండోదే పెద్ద సంస్కరణ. అయితే అదీ నిలవలేదు. గడువు తీరాక ఎన్నికలు పెట్టలేదు, అడిగేందుకు రాజ్యాంగంలో ఆధారమూ లేదు.

ఆ ఆధారం పి.వి. నరసింహారావు హయాంలో దొరికింది. ఇదే ఉద్దేశంతో రాజీవ్ గాంధీ తెచ్చిన బిల్లులు 1989లో రాజ్యసభలో వీగిపోయాయి. 1992 డిసెంబర్‌లో 73, 74వ సవరణలకు పార్లమెంటు ఆమోదం లభించింది. పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. అందులో 243-యు అధికరణం చాలా సూటిగా ఉంటుంది: పురపాలక సంఘం ఆయుష్షు ఐదేళ్లు, అంతకు మించి ఒక్క రోజు లేదు, ఆ ఐదేళ్లు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లో పెట్టాలి. ఇంతకన్నా తేటగా ఎవరైనా ఏం రాయగలరు?

హూడికి పట్టణ హోదా సరిగ్గా ఆ తరవాతే వచ్చింది. 1990ల మధ్యలో బెంగళూరు చుట్టూ పెరిగిన ఊళ్లను కలిపి నగరసభలు ఏర్పాటు చేసినప్పుడు హూడి మహదేవపుర నగరసభలోకి వెళ్లింది. వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ పార్కు లేచింది, పొలాలు సైట్లయ్యాయి. 2007 జనవరి 16న మరో మార్పు: పాత నగరపాలిక, మహదేవపురతో సహా ఏడు నగరసభలు, కెంగేరి పురసభ, 110 గ్రామాలు కలిసి బృహత్ బెంగళూరు అయ్యాయి. అదే ఏడాది ఏప్రిల్ 16న 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను మింగి గ్రేటర్ హైదరాబాద్ కూడా పుట్టింది. కొత్త పాలకవర్గం కోసం హైదరాబాద్ 2009 నవంబర్ దాకా, బెంగళూరు 2010 మార్చి దాకా ఎదురుచూశాయి. నగరసభ సభ్యుణ్ణి పోగొట్టుకున్న హూడికి కార్పొరేటర్ దొరకడానికి మూడేళ్లు పైనే పట్టింది.

పెరిగిన ఊరికి పెద్ద పాలికె కావాలి, నిజమే. చిక్కు అక్కడ లేదు. హద్దు మారితే వార్డులు మళ్లీ గీయాలి, గీశాక రిజర్వేషన్లు తేల్చాలి, తేలాక ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. ఈ మూడు మెట్లలో మొదటి రెండూ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. ఎన్నికలు జరిపే రాష్ట్ర ఎన్నికల సంఘం జాబితా అందేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. విశాఖపట్నం పాఠకులకు ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ 2012 ఫిబ్రవరిలో పాలకవర్గం దిగిపోయాక అనకాపల్లి, భీమిలి విలీనాలు, వార్డుల విభజన, కేసుల మధ్య తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులే పాలించారు. ఓటు 2021 మార్చిలో గానీ పడలేదు.

బెంగళూరు కథ ఇంకా మెలికలు తిరిగింది. 2020 డిసెంబర్ 4న కర్ణాటక హైకోర్టు ఉన్న 198 వార్డులకే వెంటనే ఎన్నికలు పెట్టమంది, రెండు వారాలకు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోపు రాష్ట్రం పాలికెకు కొత్త చట్టం చేసి వార్డుల సంఖ్యను 243 చేస్తానంది. 2022లో ఆ గీతలు సిద్ధమయ్యాయి. వెనుకబడిన తరగతుల కోటాకు జస్టిస్ భక్తవత్సల కమిషన్ నివేదిక వచ్చింది. సెప్టెంబర్ 30న హైకోర్టు రిజర్వేషన్ల జాబితాను కొట్టేసింది. 2023లో ప్రభుత్వం మారింది, కొత్తవారు 243ను 225కి దించారు. ఆ లెక్కా ఎన్నికను చూడలేదు. పాలికెను విభజించే 2024 చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది, సెప్టెంబర్‌లో పాలికె ఐదు ముక్కలైంది. ఆ ఏడాది నవంబర్‌కు మొత్తం వార్డులు 369 అయ్యాయి. బీజేపీ ఏలినప్పుడూ, కాంగ్రెస్ ఏలినప్పుడూ గీతలు గీస్తూనే ఉన్నారు కాబట్టి ఈ తప్పును ఒక్క పార్టీ మెడకే చుట్టలేం.

ఇప్పుడు హూడి ఉన్నది బెంగళూరు తూర్పు నగర పాలికెలో. కృష్ణరాజపురం, మహదేవపుర శాసనసభ నియోజకవర్గాల కలయిక అది, 50 వార్డులు. ఐదింటిలో ఇదే తక్కువ. వార్డులకు ఆధారం 2011 జనగణన కావడం, ఐటీ దారి వెంట జనం కిక్కిరిసింది ఎక్కువగా ఆ తరవాతే కావడం అందుకు కారణం. పన్నుల రాబడి నిన్నటిది కాదు, ప్రాతినిధ్యం మాత్రం నిన్నటి లెక్క మీదే.

ఐదు పాలికెల మీద ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు ప్రాధికారం కూర్చుంది. పైవాళ్లు కింది సభలో వేలు పెట్టడం హూడికి కొత్త కాదు. 2015లో 198 వార్డుల్లో బీజేపీ 100 గెలిచింది, కాంగ్రెస్ 76, జేడీఎస్ 14. స్పష్టమైన మెజారిటీ. అయినా మేయరైంది కాంగ్రెస్‌కు చెందిన మంజునాథ రెడ్డి. నగరంలోని ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలకు మేయర్ ఎన్నికలో ఓటు ఉండడమే అందులో కిటుకు. 243-ఆర్ అధికరణం అందుకు వీలిస్తుంది, హైదరాబాద్‌లో ఎక్స్ అఫీషియో ఓట్ల గొడవ చూసినవాళ్లకు ఇది తెలిసిన విద్యే. చట్టబద్ధమే కావచ్చు, వార్డు ఓటరు తీర్పును శాసనసభ్యుడు తిరగరాయడం మాత్రం న్యాయంగా కనిపించదు.

మరికొన్ని సమాఖ్య దేశాలు దీన్ని వేరే తీరుగా చూశాయి. 1988 నాటి బ్రెజిల్ రాజ్యాంగం కేంద్రం, రాష్ట్రాలతో పాటు మునిసిపాలిటీలను కూడా సమాఖ్యలో భాగంగా గుర్తించింది. జర్మనీ ప్రాథమిక చట్టం 28వ అధికరణం ఊరి వ్యవహారాలను ఊరే చక్కబెట్టుకునే హక్కుకు హామీ ఇస్తుంది. అమెరికాలో ఇందుకు విరుద్ధంగా, నగరం రాష్ట్రం సృష్టించిన వస్తువే, రాష్ట్రం తలిస్తే తుడిచేయొచ్చు అని 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ చెప్పారు. మన 74వ సవరణ పైకి బ్రెజిల్ భాష మాట్లాడుతుంది. ఆచరణలో డిల్లన్‌కే దగ్గర.

శాసనసభ సంగతి చూస్తే తేడా ఎక్కడుందో దొరుకుతుంది. హూడి ఉన్న మహదేవపుర నియోజకవర్గం 2008లో కొత్తగా పుట్టింది, ఎస్సీలకు రిజర్వయింది. దాని హద్దులు గీసింది కర్ణాటక ప్రభుత్వం కాదు, జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నేతృత్వంలోని కేంద్ర పునర్విభజన సంఘం. అది గీసిన గీతను కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. 2008, 2013, 2018, 2023 ఎన్నికలు నాలుగూ వేళకు జరిగాయి. ఓటర్ల జాబితా మీద 2025 ఆగస్టులో రాహుల్ గాంధీ చేసిన ఆరోపణలతో, వాటిని ఎన్నికల సంఘం తోసిపుచ్చడంతో ఈ నియోజకవర్గం దేశమంతా మారుమోగింది. ఆ రభసలో అదే జాబితాలోని జనానికి ఐదేళ్లుగా కార్పొరేటర్ లేడన్న సంగతి ఎవరి నోటా పెద్దగా రాలేదు.

2007 జనవరి నుంచి 2025 చివరి దాకా లెక్క వేస్తే 19 ఏళ్లు. అందులో ఎన్నికైన సభ ఉన్నది రెండు విడతలు, మొత్తం పదేళ్లు. మిగిలిన తొమ్మిదేళ్లూ అధికారుల పాలనే. ఆ కాలంలో హూడిలో కాలువ పొంగినా, ఆస్తి ఖాతా కాగితం ఆగినా జనం వెళ్లింది ఎమ్మెల్యే ఇంటికి. చట్టాలు చేయాల్సిన మనిషి చెత్తబండి రాలేదన్న ఫిర్యాదులు వింటూ కూర్చున్నాడు.

దీనికి మందు ఏమిటో చెప్పినవాళ్లు లేకపోలేదు. వార్డుల విభజన, రిజర్వేషన్ల కేటాయింపు రెండూ రాష్ట్ర ప్రభుత్వాల చేతుల్లోంచి తీసి రాష్ట్ర ఎన్నికల సంఘాలకు అప్పగించాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం తన ఆరో నివేదికలో సిఫారసు చేసింది. ఆ సంఘానికి అధ్యక్షుడు వీరప్ప మొయిలీ, 1993లో కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి. నివేదిక 2007లో, హూడి బృహత్ బెంగళూరులో కలిసిన ఏడాదే వచ్చింది. ఆ తరవాత బెంగళూరు వార్డులను 2009లో, 2022లో, 2023లో, 2025లో గీశారు. గీసిన ప్రతిసారీ కలం రాష్ట్ర ప్రభుత్వానిదే.