ఆయిలింజను: మూలమును ప్రతియును

వ్యవసాయ యంత్రముల వ్యాపారమున చిరకాలముగా చెల్లుచున్న మాట యొకటి కలదు: లిస్టర్ టైపు ఇంజను. విజయవాడ గవర్నర్‌పేటలో పంపులు, మోటార్లు అమ్ము దుకాణములు ఎరిగినవారికి ఇట్టి మాటలు కొత్త కావు. లిస్టరు అనునది ఒక ఇంగ్లీషు కంపెనీ పేరు. దానికి టైపు అను తోక తగిలించుటతో, ఆ యంత్రము అక్కడిది కాదనియు, దాని పోలికతో మన దేశమున పోతపోసినదనియు కొనువానికి తెలిసిపోవును. రూపమునందు రెంటికిని తేడా పట్టుట కష్టము. అందుచేతనే ఈ పోలిక పరిశీలింప దగినది.

కృష్ణా డెల్టాకు ఆయిలింజనుతో బాంధవ్యము నీటి వలనను బియ్యము వలనను ఏర్పడినది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువనీరు పల్లపు భూములకు తనంతట తాను పారినది. కాలువకంటె మెరకగా నున్న చేలకు మాత్రము ఏతమో గూడయో తప్పలేదు. భుజబలముతో తోడవలసిన ఆ నీటిని ఇంజను పంపుతో తోడుట ఎంతో సులువైనది. కరెంటు రాని గ్రామములలో బియ్యపు మిల్లులను త్రిప్పుటకును ఈ జాతి ఇంజనులు పనికివచ్చినవి. నిమిషమునకు 650 చుట్లు తిరుగు ఇంజనులో రెండు చుట్లకొకసారి చమురు మండును. అనగా సెకనునకు ఐదు దెబ్బలకు కొంచెము పైన. ఆ టుకుటుకు ధ్వనిని బట్టి మిల్లు ఆడుచున్నదో లేదో ఇంటిలోనుండియే చెప్పవచ్చును. బరువు పడినప్పుడు దెబ్బ బిగువగుట కూడ చెవికి అందును.

ఇక మూలయంత్రము సంగతి. రాబర్ట్ ఆష్టన్ లిస్టరు 1867లో ఇంగ్లండులోని డర్స్లీ అను చిన్న పట్టణమున తన కర్మాగారమును నెలకొల్పెను. పాలనుండి మీగడ తీయు యంత్రములకు పేరుపడిన ఆ కంపెనీ 1930 ప్రాంతమున సి.ఎస్. అను డీజిలు ఇంజనును వెలువరించినది. చల్లగా నున్నప్పుడే మొదలగునది అని ఆ పొడి అక్షరముల భావము. అది గొప్పగా చెప్పుకొనదగిన విషయమా యని నేటివారికి తోచవచ్చును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును నడిపి చూపిన నాటికే సూత్రము స్థిరపడినది: గాలిని గట్టిగా అదిమినచో వేడెక్కును, అందు చల్లిన చమురు నిప్పు లేకయే అంటుకొనును. కాని తొలినాటి ఆయిలింజనులలో అనేకము గాలిని అంత గట్టిగా అదుమజాలకపోయినవి. బ్లోలాంపుతో తలభాగమును బాగుగా కాల్చినగాని అవి కదలెడివి కావు.

సి.ఎస్. ఇంజను ఈ తతంగమును తప్పించినది. సిలిండరు తలలో ఒక చిన్న గదిని, దానిని మూయుటకు చేతిచక్రమును అమర్చిరి. మొదలుపెట్టునప్పుడు గదిని మూసినచో గాలికి చోటు తగ్గి మరింత వేడెక్కును. బరువు పడిన పిమ్మట తెరచినచో ఇంజను మెత్తగా నడచును. ఇరుప్రక్కల సుమారు రెండడుగుల వ్యాసము గల ఫ్లైవీళ్లు, ఒక్కొక్కటి ఎంతో బరువు. హ్యాండిలుతో ఆ చక్రములకు వేగము ఎక్కించి వాల్వును విడిచినచో ఒక్క మనిషి చేతిలో ఇంజను లేచును.

ఆరు అశ్వశక్తుల రకమున సిలిండరు వ్యాసము నాలుగున్నర అంగుళములు, పిస్టను నడక ఐదున్నర అంగుళములు. సౌరాష్ట్రమున రాజకోట కర్మాగారములు ఈ కొలతలనే అనుసరించినవి. ఆ ప్రతులకు కాలక్రమమున విదేశములలో లిస్టరాయిడ్ అను ముద్దుపేరు కూడ వచ్చినది. ఖర్చు తగ్గించుటకై కొందరు చేతిచక్రపు గదిని విడిచిపెట్టిరి. మూలములో క్రాంకుషాఫ్టు రోలరు బేరింగులపై తిరుగగా, ప్రతులలో కొన్నింట అవియే కలవు, కొన్నింట బుష్షులు వేసిరి. ఇవి పైకి తెలియు భేదములు. అసలు భేదము లోపల దాగియున్నది. ఇసుక అచ్చులో పోసిన ఇనుమును లోపల శుభ్రముగా గీకి కడుగకున్నచో, అచ్చులోని ఇసుక రేణువులు నూనెతో కలసి బేరింగులను అరగదీయును. ఫ్లైవీలు బరువు సరిగా తూగనిచో పునాదికి బిగింపని ఇంజను గెంతులు వేయును. తెలిసినవారు కొత్త రాజకోట ఇంజనును కొనగానే నడపక, పూర్తిగా విప్పి, కడిగి, మరల కూర్చుకొందురు. డర్స్లీలో కర్మాగారమే చేసి పంపిన తుది పనిని ఇచ్చట కొనువాని మేస్త్రీ చేయవలసి వచ్చినది.

దీనిని బట్టి ప్రతిని ఈసడించుట న్యాయము కాదని నా అభిప్రాయము. 1957 తరువాత విదేశీ మారకద్రవ్యపు కొరతచే దిగుమతులు బిగిసినవి. 1946లో స్థాపితమైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పూనాలో స్వదేశమున ఇంజనులు చేయుచుండెను. 1951లో ఏర్పడిన బెంగుళూరు మైకో సంస్థ ఇంధనపు పంపులను, నాజిళ్లను అందించెను. అయినను రెండెకరముల రైతు పెట్టగల వెలకు రాజకోట ఇంజనే దగ్గరగా వచ్చినది. ఆ వెలలో గీకి కడుగు కూలి లేదు. పైగా ఇంత నెమ్మదిగా, ఇంత బరువుగా, ఇంత విశాలముగా కట్టిన యంత్రము చిన్న తప్పులను సహించును; పల్లెటూరి మేస్త్రీ పానాతోను, ఆకురాయితోను దానిని దారికి తేగలడు. సన్నని కొలతలపై ఆధారపడిన వేగపు ఇంజనులకు ఇట్టి ప్రతిని చేసియున్నచో అది పునాదిపైననే నిలిచిపోయెడిది. డర్స్లీ వారి ఉదారమైన రూపకల్పనయే రాజకోట వారికి పెట్టుబడి.

పల్లెలకు కరెంటు వచ్చిన కొలది మిల్లులలో మోటార్లు వెలసినవి. డర్స్లీలో 1987లో సి.ఎస్. ఇంజనుల తయారీ ఆగిపోయినది. రాజకోట ప్రతులు అమెరికా వరకు పోయినవి. 2000 తరువాతి దశకమున పొగకు సంబంధించిన నిబంధనలు వాటిని అచ్చట అడ్డగించినవి. ఇంగ్లండులో పాత డర్స్లీ ఇంజనులను ముచ్చటగా నడుపుకొనువారు కలరు. వారికి పిస్టను రింగులో, గాస్కెట్టులో, నాజిలో అరిగిపోయినచో అచ్చటి వర్తకులు భారతదేశపు విడిభాగములను అమ్ముచుందురు. కొలతలు ఒక్కటే గనుక అవి సరిగా అమరును.