కొల్లేరు చేపల్లో విషలోహాలు

సీసం, కాడ్మియం, పాదరసం వంటి లోహాలు మురుగునీటితో కొల్లేరు సరస్సులో చేరి, బురదలో నిలిచి, చేపల ద్వారా మనుషుల ఆహారంలోకి వచ్చే ముప్పు ఈ వ్యాస విషయం.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు దిగగా, నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అందువల్ల విజయవాడ, ఏలూరు పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థజలాలు, పొలాల ఎరువుల అవశేషాలు మోసుకొచ్చే లోహాల్లో చాలా భాగం ఒండ్రుతో కలిసి అడుగున పేరుకుంటుంది. ఫాస్ఫేట్ ఎరువుల్లో స్వల్పంగా కాడ్మియం ఉంటుంది. చేపల చెరువుల్లో నాచును అణచడానికి వాడే మైలుతుత్తం రాగిని చేరుస్తుంది.

1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు తవ్వించిన చేపల చెరువులు తరువాతి దశాబ్దాల్లో ప్రైవేటు వ్యాపారంగా విస్తరించి, నీటి ప్రవాహాన్ని అడ్డుకున్నాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటితమైన కొల్లేరుకు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు లభించింది. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుగట్లను తొలగించారు. అయితే గట్లు తీసినంత మాత్రాన, ఎగువ నుంచి కాలువల్లో వచ్చే కాలుష్యం ఆగదు.

లోహాలు కుళ్లి నశించవు. బురదలోని పురుగులను, నత్తలను చిన్న చేపలు, వాటిని కొర్రమీను వంటి వేటచేపలు తినేకొద్దీ మిథైల్ పాదరసం మోతాదు అంచెలంచెలుగా పెరగడాన్ని జైవిక ఆవర్ధనం అంటారు. సీసం, కాడ్మియం ఎక్కువగా మొప్పలు, కాలేయం, మూత్రపిండాల్లో చేరుతాయి కనుక ఆ అవయవాలను తీసివేస్తే ముప్పు కొంత తగ్గుతుంది. మిథైల్ పాదరసం కండలోని మాంసకృత్తులకు అంటుకుంటుంది కనుక కడిగినా, ఉడికించినా పోదు. గర్భస్థ శిశువుల మెదడుకు అది చేసే హాని 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన వ్యాధితో లోకానికి తెలిసింది. కాడ్మియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సీసం పిల్లల తెలివితేటలను కుంటుపరుస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కిలో చేపలో 0.3 మిల్లీగ్రాములను సీసానికి గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలైనప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ కొందరి రక్తంలో సీసం, నికెల్ గుర్తించింది. తరువాత నిపుణుల దృష్టి పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది; చేపలే కారణమని తేలలేదు. ఆ ఉదంతంతో ఆహారంలోని లోహాలపై ఈ ప్రాంతంలో చర్చ పెరిగింది.

శాకాహారపు మేతతో త్వరగా పెరిగే శీలావతి, బొచ్చెలలో పాదరసం వేటచేపల కంటే సాధారణంగా తక్కువ. కనుక కొల్లేరు చేపలన్నిటినీ ఒకే గాటన కట్టకుండా, జాతి, అవయవం, పట్టిన చోటు వారీగా పరీక్షించినప్పుడే ముప్పు ఎంతో తేలుతుంది.